ఖాళీ చెక్కుల మీద మా సంతకాలు మాకు తిరిగి ఇవ్వండి

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి సభ్యులకు, ఆంధ్రప్రదేశ్‌లోని బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల రికవరీ, లీగల్ విభాగాల అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. తెనాలి, ఆ చుట్టుపక్కల బీట్లలోనే నా సర్వీసంతా గడిచింది. మీరు నన్ను ఎరగరు గానీ, మీ వకీళ్లు పంపిన చెక్ బౌన్స్ నోటీసులు లెక్కలేనన్ని నా చేతుల మీదుగానే గుమ్మాలు చేరాయి.

ఆ కవరును చూడగానే గుర్తుపట్టేవాణ్ణి. పొడవాటి తెల్ల కవరు, ఎడమ పక్క వకీలుగారి రబ్బరు స్టాంపు, వెనక అంటించిన అకనాలెడ్జిమెంట్ కార్డు. దాన్ని సంచిలోంచి తీసేసరికే ఎదుటివాళ్ల ముఖం మారిపోయేది. ఒక టిఫిన్ కొట్టాయన పిండి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ, "సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టేనా పోస్ట్‌మ్యాన్ గారూ?" అని అడిగాడు. ఒకావిడ తలుపు సందులోంచి చూసి, "ఆయన ఊళ్లో లేరు, మీరు చూడనట్టు వెళ్లిపోండి" అని బతిమాలింది. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. తీసుకోండమ్మా, తీసుకోకపోతే కవరు వెనక్కి పోతుంది గానీ కేసు వెనక్కి పోదు. కవరు మీద నేను "రెఫ్యూజ్డ్" అని రాసిస్తే, కోర్టు దృష్టిలో నోటీసు అందినట్టే లెక్క. తలుపు తాళం వేసి ఉంటే చీటీ పెట్టి, పోస్టాఫీసులో ఏడు రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే "అన్‌క్లెయిమ్డ్" అని తిప్పి పంపేవాళ్లం. చాలా కేసుల్లో దాన్నీ అందినట్టే తీసుకుంటారు. ఆ రెండు మాటలూ నా చేత్తో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. రాసేటప్పుడు వాటి బరువు తెలియలేదు. నా తమ్ముడికి వచ్చిన కవరు మీద ఇంకో పోస్ట్‌మ్యాన్ రాసిన అక్షరాలు చూశాకే తెలిసింది.

ఆ సంగతే మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కేసు గత ఏడాది, 2025లో, లోక్ అదాలత్‌లో ముగిసింది. కాబట్టి కోర్టులో ఉన్న విషయం మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆ బ్యాంకు పేరు కూడా చెప్పను. పేరు చెబితే మిగతా వాళ్లంతా "అది మేం కాదు కదా" అనుకుని ఈ కాగితం పక్కన పెట్టేస్తారు. నేను చెప్పే పద్ధతి ఒక్క బ్యాంకుది కాదు.

మా తమ్ముడిది టెంట్ హౌస్. షామియానాలు, పందిరి పైపులు, వంట డేగిశాలు, సీరియల్ సెట్లు. 2018 జూన్‌లో ఒక జనరేటరు, మూడు వందల ప్లాస్టిక్ కుర్చీలు కొనడానికి 4 లక్షలు లోను తీసుకున్నాడు. మూడేళ్లు, నెలకు 13,700 కిస్తీ. లోను ఇచ్చేముందు అదే బ్రాంచిలో కొత్తగా సేవింగ్స్ ఖాతా తెరిపించారు. ఆ ఖాతా చెక్కుబుక్కులోంచి మూడు చెక్కులు చింపి, "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. తేదీ లేదు, పేరు లేదు, అంకె లేదు. ఎందుకని అడిగితే "ప్రొసీజరండీ, అందరూ ఇస్తారు" అన్నారట. నెలనెలా కిస్తీ ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే మాండేట్ ఫారం మీద కూడా సంతకం తీసుకున్నారు. తమ్ముడు అన్నిటి మీదా తెలుగులో సంతకం పెట్టాడు. వాడికి ఇంగ్లీషు చదవడం రాదు.

ఇరవై కిస్తీలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టాడు. లెక్క వేస్తే 2,74,000. తర్వాత 2020 మార్చి వచ్చింది. టెంట్ హౌస్ వాళ్లకి ఏడాది తిండి పెట్టేది ఆ ఎండాకాలం పెళ్లిళ్లే. అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు వెనక్కి అడిగారు, తిరిగి ఇచ్చేశాడు. రిజర్వ్ బ్యాంకు ఆగస్టు దాకా మారటోరియం, అంటే కిస్తీలు ఆపుకునే వీలు, ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ ఆరు నెలల వడ్డీ అసలుకు కలిసింది, పెళ్లిళ్లు మాత్రం ఆగస్టు దాటాక కూడా యాభై మందితో, ఇంటి ముందే జరిగిపోయాయి. ఇంటి ముందు పెళ్లికి షామియానా ఎవరు వేయిస్తారు? గోడౌన్‌లో మడతపెట్టిన గుడ్డల్ని ఎలకలు కొట్టేశాయి. 2021లో ఆ మూడు వందల కుర్చీలు, ఒక్కోటి నూట యాభైకి, ఇంకో ఊరి టెంట్ హౌస్ వాళ్లకి అమ్మాడు. వచ్చిన 45,000 మూడు దఫాలుగా రికవరీ ఏజెంటుకి కట్టాడు. మూడు రసీదులు తీసుకున్నాడు. ఆ తర్వాత గోడౌన్ ఖాళీ చేసి, హైదరాబాద్‌లో ఒక క్యాటరింగ్ వాళ్ల దగ్గర పనికి చేరాడు.

అప్పు తీసుకుంటే కట్టాలి. అందులో రెండో మాట లేదు. కట్టనని మా తమ్ముడు ఏ రోజూ అనలేదు. నా బాధ అప్పు అడిగారని కాదు. అడిగిన తీరు గురించి.

2022 ఆగస్టులో ఆ మూడు ఖాళీ చెక్కుల్లో ఒకదాన్ని బయటికి తీశారు. నాలుగేళ్ల కిందటి చెక్కు. చెక్కుకు మూడు నెలలే గడువని రిజర్వ్ బ్యాంకు 2012 నుంచి అమలు చేస్తున్న నియమం అందరికీ తెలుసు. కానీ ఆ మూడు నెలలు చెక్కు మీద రాసిన తేదీ నుంచి మొదలవుతాయి. తేదీయే లేని చెక్కుకు గడువు ఎప్పటికీ మొదలవదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దానికి పుట్టినరోజు రాయొచ్చు. అలా తేదీ రాసి, 2,86,400 అని అంకె వేసి, అదే బ్రాంచిలో అదే ఖాతా మీద ప్రెజెంట్ చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవమని వేడుకుంటున్నాను. ఆ ఖాతా మీ బ్యాంకుదే. అందులో 312 రూపాయలు ఉన్నాయని మీ కంప్యూటరే చెబుతుంది. చెక్కు వేసింది మీ కౌంటరు, డబ్బు చాలదని మెమో ఇచ్చింది కూడా మీ కౌంటరే. ఆ మెమో చూపిస్తే చాలు, చెక్కు చెల్లలేదని కోర్టు నమ్ముతుంది, చెక్కుల గురించిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 146వ సెక్షన్ అలా ఉంది. చెక్కు తిరిగొచ్చినందుకు ఛార్జీ అని ఆ 312లోంచి కూడా కోసుకున్నారు. స్టేట్‌మెంటులో ఆ ఒక్క గీత చూసి మా మరదలు, "వాళ్లకి తెలిసే వేశారు గదా బావగారూ" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

చెక్కులో రాసిన 2,86,400లో కుర్చీలు అమ్మి కట్టిన 45,000 తగ్గించలేదు. ఏజెంటు రసీదులు మా దగ్గర ఉన్నాయి, ఖాతాలో మాత్రం జమ లేదు. ఏజెన్సీ మారిపోయిందన్నారు. ఏజెన్సీని పెట్టుకున్నది మీరు. వాళ్లు వసూలు చేసిన డబ్బుకు జవాబుదారీ మీరు కాక మా తమ్ముడా?

సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో గుజరాత్ నుంచి వెళ్లిన ఒక కేసులో ఈ విషయం స్పష్టంగా చెప్పింది. చెక్కు ఇచ్చాక, దాన్ని బ్యాంకులో వేసేలోపు అప్పులో కొంత తీరిస్తే, ఆ తీర్చిన మొత్తాన్ని చెక్కు మీద రాసి మిగతాదానికే వేయాలి. అలా కాకుండా మొత్తానికి వేసి, అది బౌన్స్ అయితే, చెక్ బౌన్స్‌ను నేరం చేసిన 138వ సెక్షన్ కింద కేసు నిలబడదు. మీ లీగల్ విభాగాల వాళ్లకి ఈ తీర్పు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. తెలిసి కూడా నోటీసుకు ఖాతా స్టేట్‌మెంటు జతచేయరు. జతచేస్తే సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. "నేను కట్టింది ఇందులో లేదు" అని మనిషి పదిహేను రోజుల్లోనే చెప్పుకోగలుగుతాడు.

ఆ పదిహేను రోజుల గురించి పోస్ట్‌మ్యాన్‌గా నాకు తెలిసింది చెబుతాను. చెక్కు తిరిగొచ్చిన సంగతి తెలిశాక నోటీసు పంపడానికి మీకు ముప్ఫై రోజులు. అది అందాక కట్టడానికి వాళ్లకి పదిహేను. కట్టకపోతే అప్పుడు నేరం పూర్తవుతుంది, అక్కణ్ణుంచి నెలలోపు మీరు ఫిర్యాదు వేయాలి. అంటే అప్పు పడ్డ మనిషికి తన మాట చెప్పుకోవడానికి, ఎక్కడో చేబదులు తెచ్చి కట్టడానికి చట్టం ఇచ్చిన ఒకే ఒక్క కిటికీ ఆ పదిహేను రోజులు. మా తమ్ముడి నోటీసు ఖాళీ చేసిన గోడౌన్ అడ్రసుకు వెళ్లింది. "డోర్ లాక్డ్, ఇంటిమేషన్ గివెన్." వారం తర్వాత వెనక్కి. రాసిన పోస్ట్‌మ్యాన్ నాకు జూనియర్, మంచివాడు. వాడి తప్పేం లేదు. ఆ గోడౌన్ ఎవరిదో వాడికి తెలియదు.

అదే నెలల్లో రికవరీ వాళ్ల దగ్గర్నుంచి తమ్ముడి సెల్‌కి రోజూ ఫోన్లు వచ్చాయి. పొద్దున ఎనిమిది లోపు, రాత్రి ఏడు దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే ఆదేశించింది. అయినా రాత్రి పదింటికి కూడా చేశారు. ఇన్ని ఫోన్లు చేసినవాళ్లలో ఒక్కరైనా "మీకు లీగల్ నోటీసు పంపాం, ఫలానా తేదీలోగా చూసుకోండి" అని చెప్పలేదు. డబ్బు అడగడానికి పనికొచ్చిన నంబరు నోటీసు సంగతి చెప్పడానికి పనికిరాలేదు. నిజానికి 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెక్కు కేసుల్లో సమన్లను వాట్సాప్, ఈమెయిల్ లాంటి వాటి ద్వారా కూడా పంపాలని చెప్పింది. సమన్ల దాకా ఎందుకు, నోటీసే పంపండి. తెలుగులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు కూడా ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కవరు బుక్ చేసిన రోజే ఆ ట్రాకింగ్ నంబరుతో ఒక మెసేజ్ పెట్టడానికి ఎంత ఖర్చు?

2023 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే కానిస్టేబుల్ వచ్చాడు. అమ్మకి ఎనభై దాటాయి. తమ్ముడి పేరు చెప్పి, వారంట్ ఉందన్నాడు. సమన్లు కూడా ఆ పాత అడ్రసుకే తిరిగి, మనిషి హాజరు కాలేదని వారంట్ పుట్టింది. కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. 138 బెయిలబుల్ కేసే, ఏం పర్లేదు, కోర్టుకు వెళ్లి వారంట్ రీకాల్, అంటే రద్దు, చేయించుకోమన్నాడు. కానీ ముగ్గు పిండి చేతిలోనే ఉండిపోయి, అమ్మ అరుగు మీద కూలబడింది. "వాడేం దొంగతనం చేశాడ్రా?" అని అడిగింది. వీధిలో నలుగురూ చూశారు. అదే వీధిలో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి నేను. ఆ రోజు తలెత్తుకుని నడవలేకపోయాను. తమ్ముడు ఆ రాత్రే బస్సెక్కి వచ్చాడు.

అక్కణ్ణుంచి ఇరవై మూడు వాయిదాలు. హైదరాబాద్ నుంచి తెనాలి రావడం, ఒక రోజు కూలి పోవడం, రానూపోనూ బస్సు ఛార్జీ, వకీలు ఫీజు. అదే చట్టంలో సెక్షన్ 143 చూస్తే ఇలాంటి కేసుల్ని ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఉంది. కోర్టు హాలు బయట బెంచీ మీద కూర్చుని చూస్తే, అది ఎందుకు కుదరదో అర్థమవుతుంది. బెంచ్ క్లర్కు పిలిచే పేర్లలో ఎన్ని చెక్కు కేసులో. ఒకే ఫైనాన్స్ కంపెనీవి వరసగా పది, పన్నెండు. ఫైళ్లు చేతుల్లో పట్టుకోలేక వాళ్ల జూనియర్ వకీలు ప్లాస్టిక్ బుట్టలో తెచ్చేవాడు. సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం 2019 చివరికి దేశంలో పెండింగ్‌లో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఈ చెక్కు కేసులే. ఆ భారం చూసే ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం 2021లో వీటిని త్వరగా తేల్చడం గురించి ప్రత్యేకంగా తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ బెంచీ మీదే నా పక్కన ఒక మిర్చి రైతు కూర్చునేవాడు. రెండెకరాల పంట వ్యాపారికి అమ్మితే చెక్కు ఇచ్చాడట, అది తిరిగొచ్చింది. ఆయన ఫిర్యాదుదారు, మేం ముద్దాయిలం. అయినా ఇద్దరి కష్టం ఒకటే, వాయిదా. చట్టంలో 138వ సెక్షన్ నిజంగా పుట్టింది ఆయన లాంటి వాళ్ల కోసం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు బౌన్స్ అయితే నేరం అనే అధ్యాయాన్ని 1988లో చేర్చారు, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చెక్కు మీద జనానికి నమ్మకం పెరగాలి, అలాగని నిజాయితీగా చెక్కు ఇచ్చినవాళ్లు వేధింపులకు గురికాకుండా తగిన రక్షణలూ ఉండాలి అన్నదే అప్పుడు చెప్పిన ఉద్దేశం. మొదట ఏడాది ఉన్న శిక్షను 2002లో రెండేళ్లకు పెంచారు. జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా వేయొచ్చు. సరుకు తీసుకుని, డబ్బు ఉందని నమ్మించి చెక్కు ఇచ్చి, రైతును తిప్పించుకునేవాడికి ఆ భయం ఉండాల్సిందే. కానీ మీరు తీసుకునే ఖాళీ చెక్కులో నమ్మించడం ఎక్కడుంది? అందులో డబ్బు లేదని సంతకం తీసుకున్న రోజే మీకు తెలుసు. డబ్బు లేదనే కదా ఆ మనిషి మీ దగ్గరకు వచ్చింది!

సుప్రీంకోర్టే 2021లో ఒక తీర్పులో 138 కేసును తోడేలు తోలు కప్పుకున్న గొర్రెతో పోల్చింది. లోపల ఉన్నది డబ్బు తగాదా, పైన కప్పింది క్రిమినల్ తోలు. మీరు అప్పు కోసం సివిల్ దావా వేస్తే, దావా మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, లెక్క మీరు రుజువు చేయాలి. బ్యాంకుల బాకీలు తేల్చే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే 20 లక్షలకు తగ్గని బాకీ ఉండాలి. చెక్కు కేసులో అవేవీ అక్కర్లేదు. పైగా సంతకం ఒప్పుకుంటే చాలు, అప్పు ఉన్నట్టే కోర్టు అనుకుంటుంది, లేదని ముద్దాయే చూపించుకోవాలి. సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చినా ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. లోను కిస్తీలకు భద్రతగా ఇచ్చిన చెక్కులు కూడా, చెక్కు తేదీ నాటికి బాకీ ఉంటే, 138 కిందకే వస్తాయని 2016లో చెప్పింది. హామీ ఉన్నవాడు ఇచ్చిన చెక్కయినా అంతే. చట్టం మీ వైపు ఇంత బలంగా ఉందని నాకు తెలుసు. అందుకే కోర్టుల్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. చట్టం ఇచ్చిన చోటల్లా ఆ అధికారాన్ని వాడాలని లేదు కదా.

మాండేట్ సంగతి కూడా చూడండి. నెలనెలా ఖాతాలోంచి కట్ అయ్యే ఆ ఏర్పాటు బౌన్స్ అయినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అదే శిక్ష ఉంది, రెండేళ్లు, రెట్టింపు జరిమానా. అంటే మీ భద్రతకు ఒక తాళం ఇప్పటికే ఉంది. మరి ఆ మూడు ఖాళీ చెక్కులు దేనికి? నాకు తోచిన జవాబు ఒక్కటే. మాండేట్‌లో అంకె ముందే రాసి ఉంటుంది, చెక్కులో ఉండదు.

క్రాస్ ఎగ్జామినేషన్ రోజు నేను కోర్టులోనే ఉన్నాను. బ్యాంకు తరఫున సాక్షిగా వచ్చింది ఒక కుర్ర ఆఫీసరు. చాలా మర్యాదస్తుడు. మా వకీలుగారు చెక్కు చూపించి, సంతకం నీలం ఇంకుతో తెలుగులో ఉంది, అంకెలు నల్ల జెల్ పెన్నుతో ఇంగ్లీషులో ఉన్నాయి, ఎవరు రాశారని అడిగారు. "నేను ఈ బ్రాంచికి 2023లో వచ్చాను సార్, రికార్డు ప్రకారమే చెబుతున్నాను" అన్నాడు. 45,000 రసీదుల గురించి అడిగితే, తెలియదన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలియదు. లోను ఇచ్చిన మేనేజరు బదిలీ మీద వెళ్లిపోయారు. చెక్కు నింపిన వాళ్లు ఇంకెక్కడో. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా పక్కనే నిలబడి టీ తాగుతూ, "నాకు రాజీ చేసే పవర్ లేదండీ, హెడ్డాఫీసు వాళ్లు చెప్పాలి" అన్నాడు. ఆ పవర్ ఉన్న మనిషి కోర్టుకు రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

చివరికి లోక్ అదాలత్‌లో 1,60,000కి రాజీ కుదిరింది. జనరేటరు అమ్మిన డబ్బు, మరదలి గాజులు, నా రిటైర్మెంట్ డబ్బులోంచి కొంత. ఆ రోజు వచ్చిన మీ అధికారి పావుగంటలో లెక్క చూసి, కుర్చీల 45,000 రసీదులు చేత్తో తిప్పి చూసి, "ఇవి పడాల్సిందే" అని తలాడించారు. ఆ పావుగంట 2022లోనే, నోటీసుకు ముందే ఇచ్చి ఉంటే ఇరవై మూడు వాయిదాలు ఉండేవి కావు. మీకూ వకీలు ఫీజులు మిగిలేవి.

కాబట్టి నేను అడిగేవి ఇవి. తేదీ, అంకె లేని చెక్కు తీసుకోవడం మానండి. ఇప్పటికే తీసుకున్నవాటిని వాడాల్సి వస్తే, ఆ రోజుకు నిజంగా ఎంత బాకీ ఉందో, ఏజెంటు చేతికి ఇచ్చింది కూడా కలిపి లెక్కచూసి, ఆ అంకే వేయండి. నోటీసుతో పాటు ఖాతా లెక్క పంపండి, అది ఆ మనిషి చదవగలిగే భాషలో ఉండాలి. అప్పు తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంకు ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో ఎప్పుడో చెప్పింది. ఫిర్యాదు వేసేముందు ఒక్కసారి పిలిచి కూర్చోబెట్టండి, రాజీ చేసే అధికారం ఉన్న మనిషి ఎదుట. ఈ విషయాన్ని మీ సమితి సమావేశంలో పెట్టి, జిల్లాల్లో బ్రాంచీలకు రాతపూర్వకంగా పంపండి.

ఇంకో మాట. లోను తీరాక ఆస్తి పత్రాలు ముప్ఫై రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 పరిహారం కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది, ఆ డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. మంచి నియమం. కానీ మా లాంటి చిన్న లోన్లకి పత్రాలు ఉండవు, ఉండేవి చెక్కులే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు పేదవాడి ఇంటి పత్రంతో సమానం. దానికి కూడా అదే గడువు, అదే పరిహారం పెట్టమని మీరే రిజర్వ్ బ్యాంకుకు రాయండి. మా మాట కన్నా మీ మాటకు అక్కడ విలువ ఎక్కువ.

ఈ ఉత్తరం చదివే అప్పుదారులకు కూడా ఒక ముక్క. నోటీసు వస్తే తిప్పి పంపకండి, తీసుకోండి, తేదీ రాసిపెట్టుకోండి, పదిహేను రోజుల్లోపే రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏజెంటుకి ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు దాచండి. వకీలుకి డబ్బుల్లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. చెక్కుకు స్టాప్ పేమెంట్ పెడితే, ఖాతా మూసేస్తే తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు, నమ్మకండి. అలా చేసినా 138 వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పేసింది.

ఇక మా సొంత విషయం. మూడు చెక్కుల్లో ఒకటి కోర్టు రికార్డులో ఉంది. మిగతా రెండు, తమ్ముడి సంతకంతో, తేదీ లేకుండా, అంకె లేకుండా, బ్యాంకు దగ్గరే ఉన్నాయి. రాజీ అయిన వారానికే అడిగాం. "పాత ఫైలు, స్టోరుకి పంపేశాం, వెతికిస్తాం" అన్నారు. రెండోసారి వెళితే లోను క్లోజ్ అయినట్టు కాగితం ఇచ్చారు, చెక్కుల మాట అందులో లేదు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నెల దాటింది, జవాబు లేదు. ఇక బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయబోతున్నాను. బాకీ లేదని మా దగ్గర కాగితం ఉంది కాబట్టి కేసు వేసినా నిలబడదని మా వకీలుగారు ధైర్యం చెప్పారు. తమ్ముడికి మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇప్పటికీ హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే, ముందు "ఎలా ఉన్నావన్నయ్యా" అనడు. "ఏమన్నా కవరొచ్చిందా అన్నయ్యా?" అంటాడు.

ఆ రెండు చెక్కులు వెతికించి పంపించండి. కవరు నా పేరు మీద రాయండి, నేనే సంతకం పెట్టి తీసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
తెనాలి